రాడ్ చివరి తుప్పు నుంచి సర్వీస్ బులెటిన్ దాకా: ఒక ల్యాండింగ్ గేర్ లోపంపై తయారీ సంస్థతో నా అనుభవం

విమానం చక్రాలు బయటికి రాకపోయినా, వచ్చినవి నేల తాకగానే ముడుచుకుపోయినా, ఆ రోజు అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: లోపం నిర్వహణ సిబ్బందిదా, తయారీ సంస్థదా? ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరుగా పనిచేస్తున్న నాకు ఈ ప్రశ్న చాలా ఆలస్యంగా అడిగినట్టు అనిపిస్తుంది. ఇలాంటి లోపం ప్రమాదంగా మారకముందే ఎక్కడో ఒక హ్యాంగర్లో ఎవరో ఒకరి కంటపడే అవకాశం ఉంటుంది. వాళ్లు దాన్ని కాగితం మీద పెట్టారా, ఆ కాగితం ఎంతదూరం వెళ్లింది, అందుకున్నవాళ్లు ఏం చేశారు అనేవి నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన ప్రశ్నలు. అలాంటి ఒక కాగితాన్ని రాసి, అది తయారీ సంస్థ దాకా వెళ్లి, మా అందరికీ వర్తించే కొత్త తనిఖీగా తిరిగివచ్చేవరకు దాని వెంట నడిచిన అనుభవాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఆ విమానయాన సంస్థ పేరు, విమానం రకం, తయారీ సంస్థ పేరు చెప్పడం లేదు. అవి లేకపోయినా విషయం అర్థమవుతుంది.

నేను హైదరాబాద్‌లో చదువుకుని, దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఇచ్చే బీ1.1 లైసెన్సు తీసుకుని, దక్షిణాదిలో ఒక బేస్ మెయింటెనెన్స్ హ్యాంగర్లో పనిచేస్తున్నాను. టర్బైన్ ఇంజిన్లున్న విమానాల యాంత్రిక వ్యవస్థలను పరిశీలించి, అవి ఎగరడానికి తగినవని సంతకం చేసే అధికారం ఆ లైసెన్సు ఇస్తుంది. పెద్ద తనిఖీల కోసం వచ్చే విమానాల ల్యాండింగ్ గేరు పని ఎక్కువగా నా భాగానికి వస్తుంటుంది.

ల్యాండింగ్ గేర్ అంటే చాలామందికి చక్రాలు, టైర్లు, బ్రేకులు మాత్రమే గుర్తుకొస్తాయి. నిజానికి అది విమానంలో అన్నిటికంటే బలమైన ఉక్కుతో చేసిన నిర్మాణాల్లో ఒకటి. పెద్ద విమానాల గేర్లలో విరివిగా వాడే 300ఎం అనే మిశ్రమ ఉక్కు తన్యతా బలం, అంటే లాగినప్పుడు తెగకుండా తట్టుకునే బలం, 1,900 మెగాపాస్కల్‌లకు పైనే ఉంటుంది. గరిష్ఠ ల్యాండింగ్ బరువుతో సెకనుకు 10 అడుగుల వేగంతో కిందికి దిగినా ఆ తాకిడిని గేరు తట్టుకోవాలని రవాణా విమానాల రూపకల్పన నిబంధనలు చెబుతాయి. ఇంత బలమైన ఉక్కుకు ఒక బలహీనత ఉంది. తుప్పు పట్టకుండా పైన వేసే కాడ్మియం పూత చెదిరి, తేమ తగిలి, సూదిమొనంత గుంట పడితే చాలు, ప్రతి ల్యాండింగ్‌కూ పడే ఒత్తిడి అంతా ఆ గుంట దగ్గర కేంద్రీకృతమై పగులు మొదలవుతుంది. ఆ పగులు కంటికి కనిపించేంత పెరిగేసరికి భాగం విరిగే స్థితికి చేరుకుని ఉండవచ్చు. అందుకే గేరులోని ప్రధాన భాగాలకు ఇన్ని ల్యాండింగ్‌లని ఆయుష్షు నిర్ణయించి, చూడటానికి నిక్షేపంగా ఉన్నా ఆ లెక్క పూర్తికాగానే పక్కన పెట్టేస్తారు. చాలా జెట్ విమానాల్లో సుమారు పదేళ్లకోసారి, లేదా 20,000 ల్యాండింగ్‌ల ప్రాంతంలో, ఏది ముందైతే అప్పుడు, గేరు మొత్తాన్ని ఊడదీసి, పాత పూతలు తొలగించి, పగుళ్ల కోసం పరీక్షించి, కొత్త పూతలు వేసి తిరిగి అమరుస్తారు. ఈ రెండు ఓవర్‌హాళ్ల మధ్య ఆ గేరుకు ఉండే కాపలా మా కళ్లూ, మా చేతిలోని టార్చిలైటూ, చేయాల్సిన పనిని వివరించే మా టాస్క్ కార్డులో రాసి ఉన్న వాక్యాలూ. ఎక్కడ చూడాలి, ఎంత దగ్గరగా చూడాలి, ఎన్నాళ్లకోసారి చూడాలి అనే ఆ వాక్యాలకు మూలం తయారీ సంస్థ ఇచ్చే మాన్యువల్.

2020 మార్చి 25 నుంచి రెండు నెలలపాటు దేశంలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయినప్పుడు, ఆ తర్వాత కూడా రాకపోకలు పుంజుకోక, చాలా విమానాలు నెలల తరబడి బయట నిలిచిపోయాయి. నేను చెబుతున్న విమానం కూడా వానాకాలమంతా సముద్రానికి దగ్గరలో ఉన్న ఒక విమానాశ్రయంలో నిలిచి ఉంది. నిల్వ సమయంలో చేయాల్సిన పనులన్నీ మాన్యువల్ ప్రకారం చేసినట్టు రికార్డుల్లో ఉంది, వాటిని తర్వాత నేను స్వయంగా పరిశీలించాను. తిరిగి ఎగరడం మొదలుపెట్టాక అది ఎక్కువగా విశాఖపట్నం, చెన్నై, పోర్ట్ బ్లెయిర్ వంటి తీర నగరాల మధ్య తిరిగింది. కొంతకాలానికి పెద్ద తనిఖీ కోసం మా హ్యాంగరుకు వచ్చింది.

పెద్ద తనిఖీలో విమానాన్ని జాకీల మీద పైకెత్తి, గేరును పలుమార్లు లోపలికి ముడిచి, బయటికి దించి చూస్తాం. మా వాడుకలో దాన్ని స్వింగ్ టెస్ట్ అంటాం. మామూలుగా హైడ్రాలిక్ ఒత్తిడితో దిగడమే కాక, ఆ ఒత్తిడి లేనప్పుడు అత్యవసర పద్ధతిలో దిగి లాక్ అవుతుందా అన్నది కూడా ఇక్కడే పరీక్షిస్తాం. ఆ విమానం పరీక్షలో ఏ తేడా లేకుండా నెగ్గింది. పరీక్ష తర్వాత కుడివైపు ప్రధాన గేరు దగ్గర తుడిచి గ్రీజు పెడుతున్నప్పుడు, హైడ్రాలిక్ ఒత్తిడితో గేరును ముడిచే యాక్చుయేటర్ రాడ్ చివర, లాక్ నట్టు చుట్టూ తేమ చేరకుండా పూసిన సీలెంట్ అంచు నుంచి సన్నని ఎర్రటి చార నా కంటపడింది. వేలితో తుడిస్తే పోయింది. మర్నాడు ఉదయం చూస్తే అదే చోట మళ్లీ లేతగా కనిపించింది.

ఆ చోటు గురించి కొంచెం చెప్పాలి. యాక్చుయేటర్ లోపలి పిస్టన్ రాడ్‌కు చివర ఒక కన్ను ఉన్న ముక్క మర బిగింపుతో కలిసి ఉంటుంది. గేరుకు తగిలేది ఆ కన్నే. థ్రెడ్లు అని మేం పిలిచే ఆ మర చుట్లు లాక్ నట్టు వెనక, సీలెంట్ కింద దాగి ఉంటాయి. యాక్చుయేటర్ విమానం మీద ఉన్నంతవరకు వాటిని ఎవరూ చూడలేరు. మా టాస్క్ కార్డు ఆ చోట అడిగింది జీవీఐ, అంటే చేతికందే దూరం నుంచి మామూలు వెలుతురులో చూసే సాధారణ తనిఖీ. నీరు కారి ఏర్పడ్డ మరకలాంటి చారను గమనించకపోయినా ఆ కార్డు మీద సంతకం చెల్లుతుంది.

నాతో పనిచేసే సీనియర్ ఇన్‌స్పెక్టర్‌ను పిలిచి చూపించాను. నెల్లూరు నుంచి వచ్చి, మూడు రకాల విమానాల గేర్ల మీద చేయి తిరిగిన మనిషి ఆయన. అద్దం పెట్టి, టార్చి వేసి చాలాసేపు చూసి, "ఇది పైనుంచి కారింది కాదమ్మా, లోపల్నుంచి వస్తోంది. రాసెయ్, మిగతాది తర్వాత చూసుకుందాం" అన్నారు. తనిఖీలో బయటపడిన లోపాన్ని నమోదు చేసే నాన్ రొటీన్ కార్డు రాశాను. యాక్చుయేటర్‌ను విప్పి మరమ్మతు షాపుకు పంపాలంటే విమానం అప్పగించే తేదీ జరుగుతుంది, ప్రత్యామ్నాయ యాక్చుయేటర్ తెప్పించాలి, స్వింగ్ టెస్ట్ మళ్లీ మొదటి నుంచి చేయాలి. ప్రణాళికా విభాగం వాళ్లు, మాన్యువల్ అడగని పనిని ఏ ఆధారంతో చేస్తున్నారని అడిగారు. అది వాళ్లు అడగవలసిన ప్రశ్నే. నేను ఆధారంగా చూపినవి రెండు పాత ప్రమాదాలు.

మొదటిది 1978 డిసెంబర్ 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర జరిగిన యునైటెడ్ 173 ప్రమాదం. విమాన సిబ్బంది పరస్పర సమన్వయం గురించి చెప్పే ప్రతి తరగతిలోనూ ఈ కేసు వస్తుంది: గేరు సమస్యను పరిష్కరించుకుంటూ సుమారు గంటసేపు ఆకాశంలో చుట్లు తిరిగిన డీసీ-8 విమానం ఇంధనం అయిపోయి కూలింది, పదిమంది చనిపోయారు. కాక్‌పిట్‌లో హెచ్చరిక ఎలా ఇవ్వాలి, కెప్టెన్ ఎలా వినాలి అన్న శిక్షణకు అదే పునాది అయింది. ఆ పాఠం విలువైనదే. కానీ ఆ గేరు సమస్య ఎలా మొదలైందన్నది తరగతిలో ఒక వాక్యంతో దాటిపోతుంది. కుడి ప్రధాన గేరును ముడిచే సిలిండరు పిస్టన్ రాడ్‌కూ, రాడ్ చివరి ముక్కకూ మధ్య ఉన్న థ్రెడ్లలోకి తేమ చేరి, తుప్పు పట్టి, ఆ బిగింపు ఊడిపోయింది. ఆపే పట్టు లేక గేరు ఒక్కసారిగా కిందికి పడింది. ఆ అదురుకు సూచిక స్విచ్ దెబ్బతిని, గేరు నిజానికి దిగే ఉన్నా కాక్‌పిట్‌లో పచ్చ దీపం వెలగలేదు. మిగతా విషాదమంతా ఆ వెలగని దీపం దగ్గర మొదలైంది.

రెండవది 2007 సెప్టెంబర్ 9న డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్‌లో జరిగింది. స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ వారి డ్యాష్ 8 క్యూ400 విమానం కుడి ప్రధాన గేరు సరిగా లాక్ కాక, దిగగానే కూలబడింది. రెక్క నేలను తాకి, ప్రొపెల్లర్ ముక్కలు క్యాబిన్ గోడకు తగిలాయి. అదృష్టవశాత్తూ ఎవరూ చనిపోలేదు. మూడు రోజుల తర్వాత, సెప్టెంబర్ 12న, అదే సంస్థ నడిపే అదే రకం విమానం లిథువేనియాలోని విల్నియస్‌లో అదే విధంగా దిగింది. విచారణలో తేలింది ఏమిటంటే, గేరు యాక్చుయేటర్ పిస్టన్ రాడ్‌కూ, దాని చివరి ముక్కకూ మధ్య ఉన్న థ్రెడ్లలో తుప్పు. పోర్ట్‌లాండ్ ప్రమాదం నాటికీ దీనికీ మధ్య 29 ఏళ్లు గడిచాయి. విమానం వేరు, తయారీ సంస్థ వేరు, ఖండం వేరు, చెడిన చోటు మాత్రం ఒక్కటే. ఆల్బోర్గ్, విల్నియస్ ఘటనల తర్వాత 10,000 కంటే ఎక్కువ ల్యాండింగ్‌లు చేసిన ఆ రకం విమానాలన్నిటినీ పరీక్షించేదాకా ఎగరనివ్వవద్దని కెనడా నియంత్రణ సంస్థ ఆదేశించింది. అదే రకం విమానాలు 2011 నుంచి హైదరాబాద్ కేంద్రంగా తిరుపతి, రాజమండ్రి, విజయవాడ వంటి ఊళ్లకు తిరిగాయి కాబట్టి ఈ సంగతి మన ప్రయాణికులకు ఎక్కడో జరిగిన కథ కాదు. నేను చెబుతున్న విమానం ఆ రకం కాదని కూడా ఇక్కడే స్పష్టం చేస్తున్నాను.

ఈ రెండు నివేదికల భాగాలను నా కార్డుకు జతచేశాను. క్వాలిటీ మేనేజర్ చదివి, విమానాలు ఎగరడానికి తగినవిగా ఉన్నాయో చూసే విమానయాన సంస్థ వారి ఎయిర్‌వర్తినెస్ విభాగంతో మాట్లాడి, యాక్చుయేటర్ విప్పడానికి అనుమతి తెప్పించారు. షాపులో రాడ్ చివరి ముక్కను మర తిప్పి తీయబోతే అది మొదట్లో కదలనే లేదు. చివరికి బయటికి వచ్చాక చూస్తే లోపలి చుట్లలో దాదాపు మూడోవంతు మేర గోధుమరంగు పొడి, దాని కింద గుంటలు. అయస్కాంత కణాల పరీక్షలో పగులు కనిపించలేదు. అయినా ఆ ముక్కను తిరిగి వాడే ప్రశ్నే లేదు. బయటినుంచి చూసినంతసేపూ ఏ లోపం లేని, స్వింగ్ టెస్ట్ నెగ్గిన భాగం అది.

ఆ తర్వాత అసలు ప్రక్రియ మొదలైంది. లోపాన్ని డీజీసీఏకు నివేదించడం, విమానయాన సంస్థకు తెలపడం ఒక ఎత్తు, తయారీ సంస్థకు సాంకేతిక లేఖ రాయడం మరొక ఎత్తు. ఆ లేఖను విమానయాన సంస్థ ద్వారానే పంపాలి, కానీ సాంకేతిక భాగాన్ని రాసే బాధ్యత నాకే అప్పగించారు. భాగం నంబరు, సీరియల్ నంబరు, కొత్తగా వచ్చినప్పటి నుంచి చేసిన ల్యాండింగ్‌లు, గత ఓవర్‌హాల్ తర్వాత చేసినవి, ఆ ఓవర్‌హాల్ ఎక్కడ జరిగింది, విమానం నిలిచి ఉన్న కాలం, ఆ కాలంలో చేసిన పనుల జాబితా, గేరును కడిగిన తేదీలు, వాడిన రసాయనం, పక్కన కొలబద్ద పెట్టి తీసిన ఫోటోలు, ఇవన్నీ ఒక్కచోట చేర్చాం. ఫోటో తీసేముందు తుప్పును తుడవకూడదు, సీలెంట్ ముక్కలను పారేయకుండా సీసాలో దాచాలి, ఊడదీసేటప్పుడు ఎంత టార్క్, అంటే తిప్పే బలం, పట్టిందో రాసుకోవాలి. ఈ జాగ్రత్తలు పాటించకపోతే అవతలివాళ్లు నిర్ధారించడానికి ఆధారాలు చాలవని చెప్పే వీలుంటుంది. లేఖ చివర రెండే ప్రశ్నలు పెట్టాను: ఈ చోట ఇలాంటి తుప్పు మీకు ఇంతకుముందు ఎవరైనా తెలిపారా? విమానం మీద ఉండగా దీన్ని కనిపెట్టే పద్ధతి ఏమిటి?

ఇక్కడ తయారీ సంస్థ అంటే ఎవరన్నది తేల్చుకోవాలి. విమానాన్ని ఒక కంపెనీ తయారుచేస్తుంది, గేరును మరొక కంపెనీ, గేరులోని యాక్చుయేటర్‌ను ఇంకొకరు సరఫరా చేయవచ్చు, ఓవర్‌హాల్ నాలుగో చోట జరగవచ్చు. లోపం బయటపడినప్పుడు ఒకరు మరొకరి వైపు చూడటానికి ఈ ఏర్పాటు వీలిస్తుంది. నియమాల దృష్టిలో మాత్రం ఆ విమాన రూపకల్పనకు నియంత్రణ సంస్థ ఇచ్చే ఆమోదపత్రం, అంటే టైప్ సర్టిఫికెట్, ఎవరి పేర ఉందో వారే బాధ్యులు. వారి దగ్గర లోపాల సమాచారాన్ని సేకరించే, పరిశోధించే, విశ్లేషించే వ్యవస్థ ఉండాలని యూరప్ విమాన భద్రతా నిబంధనలు కోరతాయి. ప్రమాదకర పరిస్థితికి దారితీయగల లోపం ఉందని గుర్తించిన 72 గంటల్లో నియంత్రణ సంస్థకు తెలపాలని కూడా అవి చెబుతాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 8వ అనుబంధం ప్రకారం, విమానం నమోదైన దేశం నుంచి రూపకల్పన చేసిన దేశానికీ, అక్కడి నుంచి తిరిగి ఆ విమానాలు నడిపే దేశాలన్నిటికీ ఈ సమాచారం ప్రవహిస్తూ ఉండాలి. కాగితం మీద ఈ వలయం సంపూర్ణంగా ఉంది. అది నిజంగా తిరుగుతుందా లేదా అన్నది నా లేఖ వంటి లేఖలు అందుకున్న ఇంజినీరు ఏం చేస్తాడన్న దాని మీద ఆధారపడుతుంది.

మొదటి జవాబు మర్యాదగానే వచ్చింది. ఇది ఏకైక ఘటనగా కనిపిస్తోందని, సముద్రతీర వాతావరణం, దీర్ఘకాలం నిలిచి ఉండటం, కడిగే పద్ధతి కారణాలు కావచ్చని, ప్రస్తుత తనిఖీ విధానం సరిపోతుందని దాని సారాంశం. నా మొదటి ప్రశ్నకు అవునని గానీ కాదని గానీ అందులో సమాధానం లేదు. ఆ లేఖ చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. తీర ప్రాంతంలో ఎగరడాన్ని అసాధారణ పరిస్థితిగా పరిగణించడం నాకు అర్థం కాలేదు. ప్రపంచంలో ఎన్నో పెద్ద విమానాశ్రయాలు సముద్రం ఒడ్డునే ఉన్నాయి. విమానాన్ని అమ్మేటప్పుడు అది ఉప్పుగాలిలో ఎగరదని ఎవరూ చెప్పలేదు.

అయితే వాళ్లు లేవనెత్తిన అంశాల్లో న్యాయమైనవి ఉన్నాయని ఒప్పుకోవాలి. నడిపేవాళ్ల నిర్లక్ష్యం వల్ల గేర్లు చెడి ప్రాణాలు పోయిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. 1991 జూలై 11న జెడ్డాలో గాలి తక్కువగా ఉన్న టైర్లతోనే డీసీ-8 విమానాన్ని బయల్దేరనిచ్చారు. రన్‌వే మీదే టైర్లు వేడెక్కి పగిలి నిప్పంటుకున్నాయి. ఆ మంట చక్రాలతోపాటు విమానం లోపలికి చేరి, అందులోని 261 మందీ చనిపోయారు. ఎక్కువమంది హజ్ యాత్ర ముగించుకుని ఇంటికి వెళుతున్న నైజీరియన్లు. 2016 అక్టోబర్ 28న ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఫెడెక్స్ సరుకు విమానం ఎడమ గేరు దిగాక విరిగిపోయింది. కాడ్మియం పూత లేని చోట పడ్డ తుప్పు గుంట నుంచి పగులు పెరిగిందని, తయారీదారు సూచించినదానికంటే ఎక్కువ కాలం ఓవర్‌హాల్‌కు గడువు పెట్టుకోవడం కూడా ఒక కారణమని అమెరికా విచారణ సంస్థ తేల్చింది. కాబట్టి మా వైపు ఏ లోపమూ లేదని ముందు మేం రుజువు చేసుకోవాలి. నిల్వ కాలపు రికార్డులు, కడిగిన రికార్డులు, నీటి ఒత్తిడి, ఓవర్‌హాల్ షాపు పత్రాలు ఒక్కొక్కటే తీసి మాన్యువల్‌తో సరిపోల్చాం. అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయి. అంటే పుస్తకం చెప్పినట్టు చేసినా ఆ తుప్పు వచ్చింది, పుస్తకం చెప్పినట్టు చూస్తే అది కనిపించదు.

రెండో లేఖలో ఈ వాక్యాన్నే ముందు పెట్టాం. దానితోపాటు విమానయాన సంస్థ మరొక మంచి పని చేసింది. ఎవరూ ఆదేశించకుండానే, తన ఖర్చుతో, ఎక్కువ కాలం నిలిచిపోయిన మరికొన్ని విమానాల్లో అదే చోట సీలెంట్ తీసి దగ్గరగా చూడటానికి ఒప్పుకుంది. వాటిలో ఒకదానిలో అదే చార, అదే లోపలి తుప్పు, తక్కువ స్థాయిలో, దొరికింది. ఈసారి భాగం ఓవర్‌హాల్ అయింది వేరే దేశంలో, వేరే షాపులో. ఏకైక ఘటన అనే మాటకు ఇక చోటు లేకపోయింది.

అవతలివైపు స్పందన అప్పటినుంచి మారింది. ఒక ఇంజినీరు నేరుగా వీడియో కాల్‌లో మాట్లాడి, రెండు భాగాలనూ తమ ప్రయోగశాలకు పంపమన్నారు. అతను నిజాయితీగా మాట్లాడిన మనిషి. ఇతర దేశాల నుంచి కూడా ఒకటి రెండు నివేదికలు ఉన్నాయని, అవి వేర్వేరు విభాగాల వద్ద విడివిడిగా ఉండిపోయాయని అతని మాటల్లోనే తెలిసింది. ఈ విషయం నన్ను మొదటి జవాబు కంటే ఎక్కువ కలవరపెట్టింది. లోపాన్ని దాచిపెట్టారని నేను అనుకోవడం లేదు. మూడు చోట్ల మూడు ఫైళ్లలో ఉన్న ఒకే లోపాన్ని కలిపి చదివే బాధ్యత ఎవరికీ స్పష్టంగా లేదు. నా దృష్టిలో తయారీదారు బాధ్యతలో ఇదే గుండెకాయ. ఒక హ్యాంగర్లో ఉన్న నాకు నా ముందున్న విమానాలే కనిపిస్తాయి. ప్రపంచంలో ఆ రకం విమానాలన్నిటి సమాచారమూ చేరే చోటు తయారీ సంస్థ ఒక్కటే. అక్కడ చూడకపోతే ఇంకెక్కడా చూడటం సాధ్యం కాదు.

ప్రయోగశాల ఫలితం వచ్చాక ముందుగా విమానయాన సంస్థలన్నిటికీ ఒక సమాచార లేఖ, ఆ తర్వాత సర్వీస్ బులెటిన్ వెలువడ్డాయి. రాడ్ చివర సీలెంట్ తొలగించి డీవీఐ, అంటే భూతద్దంతో, గట్టి వెలుతురులో, దగ్గరగా చేసే తనిఖీ చేయాలి. నిర్ణీత వ్యవధిలో దాన్ని మళ్లీ చేయాలి. తుప్పు ఆనవాలు ఉంటే యాక్చుయేటర్ తీసేయాలి, తిరిగి అమర్చేటప్పుడు థ్రెడ్లకు తుప్పు నిరోధక లేపనం పూయాలి. సర్వీస్ బులెటిన్ అనేది తయారీదారు సిఫారసు మాత్రమే, చట్టరీత్యా అందరూ పాటించి తీరాలన్న నియమం లేదు. రూపకల్పన చేసిన దేశపు నియంత్రణ సంస్థ దాన్ని ఎయిర్‌వర్తినెస్ డైరెక్టివ్‌గా జారీచేసినప్పుడు తప్పనిసరి అవుతుంది, మన దేశంలో దాన్ని అమలు చేయించేది డీజీసీఏ. మా విషయంలో డైరెక్టివ్ కూడా వచ్చింది. రెండింటికీ మధ్య గడిచిన కాలంలో ఆ తనిఖీ చేయడం, చేయకపోవడం ఒక్కో విమానయాన సంస్థ ఇష్టానికి మిగిలింది. ఈ ఖాళీని తగ్గించాలని నేను గట్టిగా కోరుకుంటాను. విరిగితే గేరు లాక్ కాకుండా పోయే భాగం విషయంలో సిఫారసు, ఆదేశం ఒకేసారి రావాలి.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. కొత్త లేపనం, కొత్త ముక్కల ధరలో కొంత తయారీ సంస్థ భరించింది. పనిగంటలు, విమానం నేలమీద ఉన్న రోజుల నష్టం విమానయాన సంస్థ మీదే పడ్డాయి. పెద్ద సంస్థలకు బేరమాడే బలం ఉంటుంది. 2007 అక్టోబర్ 27న కోపెన్‌హాగెన్‌లో మూడో గేరు ప్రమాదం జరగగానే స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ ఆ రకం విమానాలన్నిటినీ శాశ్వతంగా పక్కన పెట్టేసింది. ఈసారి కారణం తుప్పు కాదు, యాక్చుయేటర్‌లో ఇరుక్కున్న ఓ-రింగ్ అనే ఒక చిన్న సీలు వలయం. 2008 మార్చిలో ఆ విమానాలను తయారుచేసిన బాంబార్డియర్, గేరు తయారుచేసిన గుడ్‌రిచ్‌లతో కుదిరిన ఒప్పందంలో ఆ సంస్థకు వంద కోట్ల స్వీడిష్ క్రోనర్లకు పైగా విలువైన పరిహారం దక్కింది, అదే సమయంలో 27 కొత్త విమానాలకు ఆర్డరు కూడా ఇచ్చింది. నాలుగైదు విమానాలతో నడిచే సంస్థకు అలాంటి బల్ల ముందు కుర్చీ దొరకడం కష్టం. అందుకే చిన్న సంస్థల లేఖలకు నియంత్రణ సంస్థలే అండగా నిలబడాలి.

ప్రయాణికుల వైపు నుంచి చూస్తే దారి కొంత స్పష్టంగా ఉంది. అంతర్జాతీయ ప్రయాణంలో గాయపడినవారు మాంట్రియల్ ఒప్పందం కింద విమానయాన సంస్థ నుంచి పరిహారం కోరవచ్చు. నిర్ణీత మొత్తం వరకు సంస్థ తప్పును రుజువు చేయవలసిన అవసరం కూడా లేదు. వస్తువులోని లోపానికి తయారీదారును బాధ్యుణ్ని చేసే అధ్యాయం మన వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ఉంది. కానీ ఇవన్నీ జరిగిపోయాక పనికొచ్చేవి.

నిర్వహణ సిబ్బంది ఎంత శ్రద్ధగా ఉన్నా ఆపలేని లోపాలు ఉంటాయని చెప్పడానికి 2005 సెప్టెంబర్ 21నాటి జెట్‌బ్లూ 292 ఘటన నాకు తరచూ గుర్తుకొస్తుంది. బర్బాంక్‌లో బయల్దేరిన ఎయిర్‌బస్ ఏ320 ముక్కు చక్రాలు 90 డిగ్రీలు అడ్డంగా తిరిగిపోయి, 146 మందితో అది లాస్ ఏంజిలెస్‌లో నిప్పురవ్వలు చిమ్ముతూ దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ప్రతి ల్యాండింగ్‌కు ముందు స్టీరింగ్ వ్యవస్థ తన పనితీరును పరీక్షించుకోవడానికి చక్రాలను పదేపదే అటూ ఇటూ కదిలించేదని, ఆ కదలికల వల్లే చక్రాలను తిన్నగా నిలిపే లోహపు చెవులు అలసిపోయి విరిగాయని విచారణలో తేలింది. భద్రత కోసం పెట్టిన పరీక్షే భాగాన్ని అరగదీసిందన్నమాట. ఏ టాస్క్ కార్డు మీద ఎవరు ఎంత జాగ్రత్తగా సంతకం చేసినా అది ఆగేది కాదు. రూపకల్పన చేసినవాళ్లు, వాడుకలో ఉన్న విమానాల నుంచి వచ్చే ప్రతి చిన్న వార్తనూ చదివి, తమ గీతలను తామే తిరిగి ప్రశ్నించుకోవలసిన చోటు అది.

ఇప్పుడు మా హ్యాంగరుకు వచ్చే ఆ రకం విమానాలన్నిటికీ కొత్త కార్డు ప్రకారమే తనిఖీ జరుగుతోంది. ఆ కార్డులోని ఒక అడుగులో, సీలెంట్ తొలగించేముందు అంచున చార ఉందేమో చూసి ఫోటో తీయాలన్న వాక్యం ఉంది. అది మేం రెండో లేఖలో రాసిన వాక్యమే. రాడ్ చివరి ముక్క రూపకల్పన మార్చి, నీరు చేరని విధంగా తయారుచేస్తామని సంస్థ చెప్పింది, కానీ పాత ముక్కలను వెంటనే మార్చాలన్న షరతు ఇంకా లేదు. ముక్కు గేరు యాక్చుయేటర్‌లో కూడా అదే రకం మర బిగింపు ఉంది, బులెటిన్‌లో మాత్రం దాని ప్రస్తావన లేదు. ఆ సంగతి మీద మరో లేఖ, కొలతలతో, ఫోటోలతో సహా, విమానయాన సంస్థ ద్వారా పంపించాం. లేఖ అందిందని సమాధానం వచ్చింది. పరిశీలన ఏ విభాగం చేస్తోంది, ఎప్పటికి పూర్తవుతుంది అని అడుగుతూ తిరిగి రాశాం.